అమ్మ చదువుకోవడానికి వెళ్ళిన ఏడాది

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా ఇంట్లోంచి ఒకరు పై చదువుకి విదేశం వెళ్ళారు. ఈ మాట చెప్తే చాలామంది వెంటనే "మీ అన్నయ్యా?" అని అడుగుతారు. నాకు అన్నయ్య లేడు, తమ్ముడూ లేడు. నేనొక్కదాన్నే. వెళ్ళింది మా అమ్మ. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్ళు.

మేం ఉండేది పటమటలో. నాన్నకు గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ కొట్టు ఉంది. అమ్మ వినికిడి లేని పిల్లల బడిలో టీచరు. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. నా చిన్నప్పుడు అప్పుడప్పుడూ నన్ను వెంట తీసుకెళ్ళేది గానీ, అక్కడి పిల్లలు చేతులతో అంత వేగంగా మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఓ మూల కూర్చుని బొమ్మలు వేసుకునేదాన్ని. ఇంటికొచ్చాక అమ్మ మామూలు అమ్మ అయిపోయేది. పప్పు కడిగేది, నాకు జడ వేసేది, మర్నాటి పాఠానికి అట్టముక్కలు కత్తిరించుకునేది. చుట్టాలు ఆమె పనిని "పుణ్యం" అనేవాళ్ళు. ఆ మాట వింటే అమ్మకు ఒళ్ళు మండేది.

"పుణ్యమేంటండీ, ఉద్యోగం. లెక్కలూ సైన్సూ చెప్తన్నా" అనేది.

ఒక రోజు బడిలో హెడ్‌మిస్ట్రెస్ గారు అమ్మను పిలిచి, నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీ ఇలాంటి బళ్ళలో పనిచేసే టీచర్లకు స్కాలర్‌షిప్ ఇచ్చి ఏడాది పాటు మాస్టర్స్ చదివిస్తోందని చెప్పారట. అప్లై చేస్తే పోయేదేముంది అన్నారట. అమ్మ నాన్నకు తప్ప ఎవరికీ చెప్పకుండా అప్లై చేసింది. కంప్యూటర్లో ఇంటర్వ్యూ జరిగిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. ఆ మధ్యాహ్నం నాన్న కొట్టు కుర్రాళ్ళకు అప్పజెప్పి ఇంటికొచ్చి, కరెంటు పోతే ఇన్వర్టరు కూడా మొరాయిస్తుందేమోనన్న భయంతో పక్క గదిలో ఇంకో బ్యాటరీ దగ్గర పెట్టుకుని కూర్చున్నారని తర్వాత తెలిసింది. కరెంటు పోలేదు. సీటు వచ్చింది.

ఆ సంగతి మా అందరికీ ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. ఆ రోజు కంకిపాడు నుంచి నాయనమ్మ కూడా వచ్చింది. తాతయ్య పోయాక కూడా నాయనమ్మ కంకిపాడులోనే ఉండి వ్యవసాయం చేయించుకునేది. నెలకోసారి బస్సెక్కి మునక్కాయలో, గోంగూరో, ఏదో ఒకటి సంచీనిండా వేసుకుని మా ఇంటికొచ్చేది. రెండు రోజులుండి, "పొలం ఏమైపోయిందో" అంటూ వెళ్ళిపోయేది.

అమ్మ పరీక్ష ఫలితం చెప్పే పిల్లలా తల వంచుకుని చెప్పింది. నాయనమ్మ మజ్జిగన్నం కలుపుకుంటూ వింది.

"ఎన్నాళ్ళు?"

"ఏడాదండీ అత్తయ్యా. ఆగస్టు ఆఖర్లో వెళ్ళాలి."

"తిరిగొస్తావుగా?"

"అయ్యో, రాకపోవడమేంటండీ!"

"అయితే ఎల్లు. ఏడాదెంత, ఎనక్కి తిరిగి చూసేలోపు అయిపోద్ది. కౌలుకిచ్చేసి నేనొచ్చి ఉంటా. ఈడి సంగతి నేను చూసుకుంటా" అంది నాన్న వైపు గడ్డంతో చూపిస్తూ. నాన్న ఏదో చిన్నపిల్లాడయినట్టు.

అమ్మ అన్నం ముందు కూర్చునే ఏడ్చింది. ఒప్పుకోరేమోనని ఎన్ని మాటలు సిద్ధం చేసుకుందో ఏమో, వాటిలో ఒక్కటీ అవసరం పడలేదు.

అడ్డు చెప్పింది అమ్మను కన్న తల్లి. మర్నాడు పొద్దున్నే గుడివాడ నుంచి అమ్మమ్మ మొదటి బస్సుకి దిగింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"పెళ్ళికెదిగిన పిల్లని ఇంట్లో పెట్టుకుని తల్లి చదువుకెళ్తుందా? ఎక్కడన్నా విన్నామా? రేపు సంబంధం చూడ్డానికొచ్చినోళ్ళు పిల్ల తల్లేదీ అంటే ఏం చెప్తాం? కాలేజీకెళ్ళిందని చెప్తామా?"

నాయనమ్మ గుమ్మం దగ్గర గోంగూర వలుస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"అట్టాగే చెప్దాం వదినా. తల్లి కాలేజీకెళ్ళింది, ఆదివారం ఫోన్లో కనపడద్ది, అప్పుడు రండి అని."

అమ్మమ్మకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. సాయంత్రం దాకా అమ్మతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అక్కడ చలంట. చెవులకి కట్టుకో" అని చెప్పి ఆటో ఎక్కింది.

ఇక ఆ వేసవిలో మా వీధి వాళ్ళందరూ చూసిన వేడుక ఒకటుంది. యూనివర్సిటీ పంపిన వివరాల్లో అక్కడ అందరూ సైకిళ్ళ మీదే తిరుగుతారనీ, అమ్మకిచ్చిన గది క్లాసులకు దూరమనీ ఉంది. అమ్మకు సైకిలు రాదు. చిన్నప్పుడు గుడివాడలో ఆడపిల్లలకు నేర్పలేదు. పెళ్ళయ్యాక నాన్న బండి వెనక కూర్చోవడమో ఆటో ఎక్కడమో. నాన్న ఒక పాత లేడీస్ సైకిలు కొనుక్కొచ్చి దానికి కొత్త సీటు వేయించారు. ఎండ ఎక్కకముందే ముగ్గురం దగ్గర్లోని ఆటస్థలానికి వెళ్ళేవాళ్ళం. ఎప్పుడూ చీర తప్ప కట్టని అమ్మ నా చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించుకుని వచ్చేది. నాన్న సీటు వెనక పట్టుకుని పరుగెత్తేవారు. నేను ముందు నడుస్తూ వాకింగ్ చేసేవాళ్ళను పక్కకు తప్పుకోమని చెప్పేదాన్ని.

మా వీధిలోనే ఉండే ఒక రిటైరయిన పెద్దాయన రోజూ అక్కడ నడిచేవారు. ఒక రోజు ఆగి అడిగేశారు.

"ఏంటండీ, మేడంగారికి ఈ వయసులో సైకిలు?"

"యూనివర్సిటీకెళ్తందండీ" అన్నారు నాన్న రొప్పుతూ. "అక్కడ ప్రొఫెసర్లు కూడా సైకిలేనంట."

అమ్మ చాలాసార్లు పడింది. మోచేతులు దోక్కుపోయాయి. ఒక రోజు ఎలా కుదిరిందో, నాన్న ఆయాసపడి వదిలేసినా సైకిలు ఆగకుండా సాగిపోయింది. అమ్మ మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ తిరిగింది. మేం చప్పట్లు కొట్టాం. మూడో చుట్టులో మా ముందు నుంచి వెళ్తూ, "ఏవండీ, దిగడం ఎట్టా?" అని అరిచింది. తొక్కడం నేర్పే హడావిడిలో దిగడం నేర్పలేదు. నాన్న మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చింది. ఆ పెద్దాయన కూడా వెనక పరుగెత్తారు.

ఆగస్టు చివర్లో గన్నవరం ఎయిర్‌పోర్టులో అమ్మను దింపాం. అమ్మ వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. చూస్తే ఆగిపోతుందని మాకందరికీ తెలుసు. 

నాయనమ్మ అన్నమాట ప్రకారం వచ్చి మాతో ఉంది. వచ్చిన మర్నాడే నాన్నను వంటింట్లోకి పిలిచింది.

"నా చేతి వంట ఏడాదంతా తింటానని కూర్చోమాక. నాకు డెబ్బై దాటినియ్యి. రా, పప్పు ఎట్టా ఏస్తారో చూద్దువుగాని."

నాన్న చేతికి స్విచ్ బోర్డులు తెలుసుగానీ పోపుల పెట్టె తెలియదు. మొదటి వారం ఆవాలు మాడి ఇల్లంతా పొగ. కొట్టులో ఎవరైనా పెద్ద ఆర్డరు గురించి మాట్లాడుతుండగా రాత్రి వంట గుర్తొచ్చి నాన్న నాయనమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, చింతపండు ముందెయ్యాలా, మెంతులు ముందెయ్యాలా?" అని అడిగేవారట. కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. దసరా నాటికి నాన్న దోసకాయ పప్పు మా కాలేజీ స్నేహితురాళ్ళు అడిగి మరీ తినే స్థాయికి వచ్చింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్ చేసేది. అక్కడ అప్పటికి పొద్దున. నాయనమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఫోను ముందు కూర్చునేది. ఆమెకు అమ్మ చదువు కన్నా ఆ దేశం నేల మీద ఆసక్తి ఎక్కువ. సముద్ర మట్టం కన్నా కింద పొలాలున్నాయని అమ్మ చెప్పినప్పుడు నమ్మలేదు.

"కిందుంటే నీళ్ళు ఎటు పోతయ్యే? మనకి మురుక్కాలవ కాస్త పూడితేనే చేను చెరువైపోద్ది!"

"ఎత్తిపోస్తారండీ అత్తయ్యా. మోటార్లు పెట్టి కాలవల్లోకి తోడతారు. ఏడాదంతా."

"లాకులున్నయ్యా?"

"ఉన్నయ్యి."

"చూపియ్యి."

ఆ తర్వాతి ఆదివారం అమ్మ చలిలో, తల చుట్టూ మఫ్లరు కట్టుకుని, ఒక కాలవ గట్టు మీద నిలబడి ఫోను తిప్పి నీళ్ళను ఆపి వదిలే లాకులు చూపించింది. నాయనమ్మ చాలాసేపు చూసింది. "గట్టు మీద పిచ్చిమొక్క లేదు. చక్కగా చేసుకున్నారు" అని మెచ్చుకుంది. పంట పొలాల గురించి ఆమె పరాయివాళ్ళను అంత మనసారా మెచ్చుకోవడం నేనదే మొదటిసారి వినడం.

చదువు గురించి మాత్రం అమ్మ మొదట్లో ఎక్కువ చెప్పేది కాదు. క్లాసులో అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వాళ్ళు. వాళ్ళు ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలుస్తుంటే అమ్మకు నోరు పెగిలేది కాదు. 'మేడం' అంటే వాళ్ళు నవ్వేవాళ్ళు. అందుకని ఎవరినీ ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడేదట.

ఒక ఆదివారం మాత్రం మొహం వెలిగిపోతూ ఫోన్ చేసింది.

"మా ప్రొఫెసరు ఒకావిడ ఉన్నారే. ఆవిడకి వినపడదు. పుట్టుకతోనే. చేతులతో పాఠం చెప్తారు, పక్కన ఇంకొకావిడ నిలబడి దాన్ని ఇంగ్లీషులో పలుకుతారు. ఆ హాల్లో నూరు మంది నోరు మూసుకుని వింటారు."

"ఇన్నేళ్ళుగా మా పిల్లలు టైలరింగు నేర్చుకుంటారు, కంప్యూటర్లో డీటీపీ నేర్చుకుంటారు అని సంతోషపడతన్నాను. ప్రొఫెసరు అవుతారని నాకెప్పుడూ తట్టలేదు. చూస్తేగా తట్టడానికి" అంది.

అక్కడి సైగలు వేరు, మన సైగలు వేరు. అయినా ఆ ప్రొఫెసరూ అమ్మా క్యాంటీన్లో ఎవరి సాయమూ లేకుండా అరగంట మాట్లాడుకున్నారట. ఎలా అని అడిగితే, "చేతులు అలవాటున్నోళ్ళకి కొంచెం దారి దొరికితే చాలు" అంది. నాకు ఆ ఇద్దరినీ చూడాలనిపించింది.

నవంబరులో అమ్మ రాసిన మొదటి పెద్ద వ్యాసం ఫెయిలయింది. ఆ ఆదివారం కెమెరా పెట్టలేదు. గొంతు మాత్రమే వినిపించింది. అక్కడ పొద్దున పూటే ఆకాశం మబ్బేసి చీకటిగా ఉందట.

"పుస్తకాల్లో ఉన్నవన్నీ శ్రద్ధగా రాశానే. ఒక్క తప్పు లేదు. కింద ఒకటే ప్రశ్న రాశారు. వీళ్ళందరూ ఏమన్నారో చెప్పావు, నువ్వేమనుకుంటున్నావు అని. నేనేమనుకుంటానో ఎవరికి కావాలి? నన్నెవరూ అడగలేదు ఇన్నాళ్ళూ."

అమ్మ ఏడుస్తుంటే నాన్న ఫోను అందుకున్నారు. "వచ్చేయాలనిపిస్తే వచ్చేయ్. టిక్కెట్టు ఇప్పుడే తీస్తా" అన్నారు. అమ్మ రానూ లేదు, రానని చెప్పనూ లేదు. అలా ఊగిసలాడుతున్న రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. నాయనమ్మ పొద్దున్నే వాకిలి కడుగుతూ మెట్ల మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు.

అమ్మ దగ్గర దాచకూడదని నాన్న అదే రోజు చెప్పారు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నేనొచ్చేస్తన్నా. ఎటూ ఫెయిలయ్యాను. అత్తయ్య అట్టా పడుంటే నేనిక్కడ కూర్చుని ఏం చదువుతాను?"

నాయనమ్మ ఎడమ చేత్తో ఫోను లాక్కుంది.

"ఇదిగో అమ్మాయ్. విరిగింది నా చెయ్యి. నీ చెయ్యి కాదు. నువ్వొచ్చి నా చేతికి చేసేదేం లేదు. డాక్టరు చేశాడు. నువ్వు అక్కడ రాయాల్సింది నాతో రాయించలేరు కదా?"

"అది కాదండీ అత్తయ్యా…"

"నేను చెప్పేది విను. ఆవిడెవరో నువ్వేమనుకుంటన్నావని అడిగిందంటగా. మంచిదే అడిగింది. నీకు తెలీదా ఏంటి? ఆ పిల్లల గురించి నువ్వు ఇంట్లో మాట్లాడతంటే నేను ఇన్నేళ్ళుగా వింటంలా? అదే రాయి. నాకు చెప్పినట్టు చెప్పు."

ఫోను నాన్నకిచ్చేసి, "ఒరేయ్, ఆ టిక్కెట్టు సంగతి ఇంకోసారి ఎత్తమాక" అంది.

మా ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ మాటలు లేని సినిమాలా ఉండేవాళ్ళని నేను అనుకునేదాన్ని. ఒకరి పని ఒకరు అందుకునేవాళ్ళుగానీ, కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నేను చూడలేదు. అమ్మ వంట చేస్తూ బడి సంగతులు చెప్పుకుంటూ పోయేది, నాయనమ్మ ఏదో వలుచుకుంటూ ఊఁ కొట్టేది. వింటోందని నాకు తెలియదు. బహుశా అమ్మకూ తెలిసుండదు.

అమ్మ ఆ వ్యాసం మళ్ళీ రాసింది. ఈసారి పుస్తకాల మాటలు తగ్గించి, తన బడిలో రోజూ చూసే ఒక సంగతి రాసింది. పిల్లలు బడిలో ఉన్నంతసేపూ చేతులు ఆగకుండా మాట్లాడతారు. సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చేసరికి మందకొడిగా అయిపోతారు. ఎందుకంటే ఇంట్లో తమతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అమ్మానాన్నలకు సైగల భాష రాదు. బడి ఎంత బాగా నడిచినా పిల్ల సగం జీవితం మౌనంగా గడుస్తుంటే అది చదువేనా అని అమ్మ అడిగింది. ఆ వ్యాసం పాసయింది. అంతే కాదు, చివర రాయాల్సిన పెద్ద పరిశోధన కూడా దాని మీదే చెయ్యమని ప్రొఫెసరు అన్నారట.

అక్కడి నుంచి నాకూ ఆ చదువులో పని పడింది. అమ్మకు తన విద్యార్థుల ఇళ్ళలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో తెలియాలి. తను అక్కడుంది. హెడ్‌మిస్ట్రెస్ గారితోనూ, ఆ కుటుంబాలతోనూ మాట్లాడి ఒప్పించి, నన్ను పంపించింది. నేను వెళ్ళి, వాళ్ళు సరేనంటే ఫోనులో వీడియో తియ్యాలి. వారాంతానికి ఇళ్ళకొచ్చే పిల్లల కోసం ఫిబ్రవరిలో ఆదివారాలు బండి మీద బయల్దేరేదాన్ని. అప్పటికి కట్టు విప్పేసిన నాయనమ్మ, "ఆ ఊళ్ళు నీకేం తెలుసు" అంటూ వెనక ఎక్కి కూర్చునేది.

చాలా ఇళ్ళలో అమ్మ రాసిందే కనిపించింది. ప్రేమకు లోటు లేదు. కొత్త బట్టలున్నాయి, పళ్ళెంలో పెద్ద ముక్క పిల్లకే వేస్తారు. మాట మాత్రం లేదు. పన్నెండేళ్ళ పిల్లాడు అందరి మధ్యా కూర్చుని అందరి నోళ్ళ వైపూ చూస్తుంటాడు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వుతాడు, ఎందుకో తెలియకుండా.

కంకిపాడు దాటాక ఒక పల్లెలో మాత్రం వేరుగా జరిగింది. వాళ్ళు పొలం పనులకు వెళ్ళే కుటుంబం. మేం వెళ్ళేసరికి అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, ఇంకా మంచి బట్టల్లోనే ఉన్నారు. "వందనాలండీ, రండి" అంటూ ఆ ఇల్లాలు కుర్చీలు వేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల గుమ్మంలోంచి నన్ను తేరిపార చూసింది. తర్వాత చూపుడు వేలు ముక్కు పైన పెట్టి, లేని కళ్ళద్దాలను పైకి నెట్టింది. మళ్ళీ నెట్టింది. నా వైపు చూపించి, చేతుల్లో పసిబిడ్డను ఊపినట్టు ఊపింది.

"మీరు టీచరుగారి అమ్మాయా అని అడుగుతోందండీ" అంది ఆ తల్లి.

"టీచరుగారు అని ఎక్కడ అందండీ?"

ఆమె నవ్వింది. "కళ్ళజోడు పైకి నెట్టుకోవడమే టీచరుగారు. బడిలో పిల్లలందరూ ఆవిడ్ని అట్టాగే పిలుస్తారంట."

పాఠం చెప్తూ అమ్మ కళ్ళద్దాలు అలాగే నెట్టుకుంటుంది. వంట చేస్తూ కూడా. పందొమ్మిదేళ్ళు చూశాను. అది ఆమె పేరని నాకు తెలియదు. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు అన్ని ఊళ్ళలో ఉన్నారని కూడా తెలియదు. నేను అవునని తల ఊపాను. పిల్ల పరుగెత్తుకొచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం నేను వీడియో తీశాను. ఆ పిల్ల ముందు రోజు మినప చేలో జరిగిందంతా చెప్పింది. కాయలు కోయడం, ఒకామె చెప్పు తెగడం, తెగిన చెప్పును కుక్క ఎత్తుకుపోవడం, అందరూ దాని వెంటపడటం. బడిలో నేర్చుకున్న సైగలు కొన్ని, వాళ్ళిద్దరూ ఇంట్లో పుట్టించుకున్నవి కొన్ని. కుక్క దగ్గరికొచ్చేసరికి పిల్ల తనే కుక్కయిపోయింది. తల్లి మధ్యలో ఆపి ఏదో అడిగింది, పిల్ల సమాధానం చెప్పింది, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సైగలు ఏమీ రాని నాయనమ్మ కూడా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఇవన్నీ ఎవరు నేర్పారండీ మీకు?" అని అడిగాను.

"ఎవరు నేర్పుతారమ్మా? అది నా కొంగు లాగేది, నేను అడిగేదాన్ని. ఏదో ఒకటి చూపిచ్చేది. అర్థం కాకపోతే ఇంకోటి చూపిచ్చేది. అదే నాకు నేర్పింది" అంది.

ఆ వీడియో చూసి అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "మళ్ళీ పంపు. మొత్తం పంపు. ఒక్క ముక్క కత్తిరించకు" అంది. తను ఏడాదంతా వెతుకుతున్న సమాధానం ఆ ఇంట్లో దొరికిందట. ఇళ్ళలో భాష లేదు నిజమే, కానీ కావాలనుకున్న ఇంట్లో అది పుట్టగలదు. బడి చెయ్యాల్సింది పిల్లలకు మాత్రమే నేర్పడం కాదు, అమ్మానాన్నలను కూడా బడికి పిలవడం. అమ్మ పరిశోధన ఆ మాట చుట్టూనే అల్లుకుంది.

జూన్‌లో అమ్మ దాన్ని ప్రొఫెసర్ల ముందు చెప్పాల్సిన రోజు వచ్చింది. ఇంట్లో వాళ్ళు కంప్యూటర్లో చూడొచ్చన్నారు. నాన్న కొట్టు మధ్యాహ్నమే కట్టేసి వచ్చారు. అమ్మమ్మ గుడివాడ నుంచి వచ్చి, తనకు తోచినట్టు అప్పడాలు కూడా తెచ్చింది. అందరం హాల్లో టీవీకి తగిలించి చూశాం. తెర మీద అమ్మ గంజి పెట్టిన వెంకటగిరి చీరలో, కళ్ళద్దాలు నెట్టుకుంటూ నిలబడింది. నోటితో ఇంగ్లీషులో మాట్లాడుతూ, ముందు వరుసలో ఉన్న ఆ ప్రొఫెసరు కోసం మధ్య మధ్య చేతులతోనూ చెప్పింది. అక్కడి సైగలు. అవి ఎప్పుడు నేర్చుకుందో మాకెవరికీ చెప్పలేదు.

ప్రశ్నలు అడిగారు. ఒకాయన కాస్త గట్టిగానే అడిగారు. అమ్మ తడుముకోలేదు. "ఈ విషయంలో నా అభిప్రాయం వేరు" అని మొదలుపెట్టి, నిదానంగా, ఒక్కొక్క కారణం చెప్పుకుంటూ పోయింది. ఇంగ్లీషు అర్థం కాని అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏమంటోందే?"

"ఆయన చెప్పింది ఒప్పుకోనంటోంది అమ్మమ్మా."

"అంత పెద్దాయన్నా?" అంది అమ్మమ్మ. అప్పడాల పళ్ళెం నా వైపు జరిపి, "బానే ఉంది" అంది. ఆ సాయంత్రం గుడివాడలో తనకు తెలిసిన వాళ్ళందరికీ ఫోన్ చేసి, మా అమ్మాయి కాలేజీలో ఫస్టుగా వచ్చిందని చెప్పింది. ఫస్టు, సెకండు అనేవి అక్కడ లేవని చెప్పినా వినలేదు.

జూలై చివర్లో అమ్మ వచ్చేసింది. కాస్త చిక్కింది, జుట్టు కత్తిరించుకుంది. ఇంట్లోకి రాగానే వంటింట్లోకి వెళ్ళబోతే నాన్న అడ్డంగా నిలబడి, "కూర్చో, అన్నం పెడతా" అన్నారు. దోసకాయ పప్పు తిని అమ్మ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ నా వైపేం చూస్తావన్నట్టు నాన్నను చూపించింది. రెండు రోజుల తర్వాత నాయనమ్మ సంచీ సర్దుకుంది. కాలవలకు నీళ్ళొచ్చాయనీ, నాట్లు మొదలయ్యాయనీ, ఈసారి కౌలుకివ్వననీ అంది. అమ్మ వంగి కాళ్ళకు దణ్ణం పెడితే, "లే లే, మేష్టరమ్మవి" అని భుజం తట్టింది. అప్పటి నుంచీ నాయనమ్మ ఆమెను అలాగే పిలుస్తోంది.

చదువు అయ్యాక వేరే పెద్ద ఊళ్ళలో ఉద్యోగాలు రాలేదా అని అమ్మను అందరూ అడిగారు. ఒకటి రెండు వచ్చాయి. ఆమె అదే బడిలో, అదే పిల్లల దగ్గర చేరింది. హెడ్‌మిస్ట్రెస్ గారిని ఒప్పించి, శనివారం మధ్యాహ్నాలు పిల్లల తల్లిదండ్రులకు తరగతి మొదలుపెట్టింది. మొదటి శనివారం నలుగురు తల్లులు వచ్చారు. అందులో ఇద్దరు, తప్పుగా చేస్తే పిల్లలు నవ్వుతారని చేతులు ఒళ్ళోంచి పైకి తియ్యలేదు. అమ్మ వాళ్ళకు కావాలని తప్పు సైగ చేసి చూపించింది. పిల్లలు పగలబడి నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత చేతులు కదిలాయి.

నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఓ మూల బొమ్మలు వేసుకున్న గదే అది. ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఈ భాష రాకుండా ఎలా ఉన్నానో నాకే వింతగా అనిపించింది. నేర్చుకోవడం నాకంత తేలిగ్గా రాలేదు. అమ్మ కూతురినని నన్నేమీ వదిలిపెట్టేది కాదు. "మళ్ళీ చెయ్యి" అనేది. పాఠం చెప్పేటప్పుడు ఆమె ఎంత ఓపిగ్గా, ఎంత సూటిగా, ఎంత హుషారుగా ఉంటుందో నేను అప్పుడే దగ్గర నుంచి చూశాను.

వానాకాలం ముగిసేసరికి ఆ గది చాలలేదు. కొందరు పనులు మానుకుని వచ్చేవాళ్ళు, కొందరు చంటిబిడ్డలతో వచ్చేవాళ్ళు. ఒక శనివారం ఒక ఆటో డ్రైవరు భార్యను దింపి, ఆటోలోనే కూర్చున్నాడు. అమ్మ కిటికీలోంచి చూసి బయటికి వెళ్ళింది.

"లోపలికి రండి, ఎండలో ఎందుకు?"

"నాకెందుకులెండి మేడం. ఇంట్లో ఆమె నేర్చుకుంటదిగా."

"మీవాడు మీతో ఒక మాట చెప్పాలంటే ప్రతిసారీ వాళ్ళమ్మ పక్కనుండాలా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు.

అతను ఆటో తాళం తీసి, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. ఎనిమిదేళ్ళ కొడుకు తండ్రిని చూడగానే లేచి నిలబడి, తన పక్క చోటు తుడిచి చూపించాడు. ఆ మధ్యాహ్నమంతా ఆ పిల్లాడు తండ్రి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచేస్తూ కూర్చున్నాడు. అమ్మ ఆ బెంచీ దగ్గరికి వెళ్ళలేదు. ఆ పాఠం వాడికే వదిలేసి, మిగతావాళ్ళ దగ్గరికి నడిచింది.